నరానికి సమ్మతి తెలియదు: జపాను తాళ్ల బంధనంపై ఒక వైద్యుని అభిప్రాయం



మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పుల గురించి చదవడానికి వచ్చే మీకు ఈసారి ఎంచుకున్న అంశం విచిత్రంగా తోచవచ్చు. జపాను దేశంలో పుట్టి నేడు లోకమంతటా వ్యాపించిన ఒక కళ ఉన్నది. ఒక మనిషి మరొక మనిషి దేహాన్ని తాళ్లతో, ఒక క్రమపద్ధతిలో, చూపులకు అందంగా ఉండేటట్లు బంధించడమే ఆ కళ. దీనికి శృంగారంతో సంబంధం ఉన్నది. అందువల్ల పెద్దలు దీని గురించి మాట్లాడరు. మాట్లాడవలసి వస్తే ముఖం చిట్లిస్తారు, లేదా తమలో తాము నవ్వుకుంటారు.

నేను ఈ రెండు పనులూ చేయదలచుకోలేదు. మనం మాట్లాడనంత మాత్రాన లోకంలో ఏ అలవాటూ ఆగిపోదు. చేతిలో ఫోను ఉన్న ప్రతివారికీ నేడు ఈ దృశ్యాలు అందుబాటులో ఉన్నాయి. చూసినవారిలో కొందరు చేసి చూస్తారు. ఆ దృశ్యాలలో తాడు కనిపిస్తుంది, ముడి కనిపిస్తుంది. చర్మం కింద ఉన్న నరం మాత్రం కనిపించదు. కనిపించనిదాని గురించి హెచ్చరించడం వైద్యుని విధి.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పి, కారణాలను తరువాత వివరిస్తాను. వయోజనులైన ఇద్దరు ఇష్టపడి, ఏకాంతంలో చేసుకునే పనిపై నీతి తీర్పు చెప్పడం వైద్యుని అధికార పరిధిలోనిది కాదు. అయితే ఇష్టపడినందువల్ల దేహం గాయపడకుండా ఉండదు. సమ్మతి తప్పనిసరి, కాని అది చాలదు. శరీర నిర్మాణ జ్ఞానం లేని చేతిలో తాడు ప్రమాదకరం. గాయపడిన తరువాత సిగ్గుతో దానిని దాచిపెట్టడం అంతకంటే ప్రమాదకరం.

ఈ కళ ఎక్కడిది?

జపాను భాషలో ‘షిబారి’ అంటే కట్టడం అని మాత్రమే అర్థం. ‘కిన్‌బాకు’ అంటే బిగించి కట్టడం. విదేశాలలో మొదటి పేరు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఇందుకు సాధారణంగా వాడేది జనపనార తాడు. ఆరు మిల్లీమీటర్ల మందం, ఏడెనిమిది మీటర్ల పొడవు ఉన్న తాళ్లను రెండుగా మడిచి, చర్మం మీద వరుసలుగా చుట్టుతారు.

దీని మూలాలను పరిశోధకులు ‘హోజోజుత్సు’ అనే పాత విద్యలో చూపుతారు. 1603 నుండి 1868 వరకు తొకుగావ షోగునులు పాలించిన ఎదో యుగంలో, పట్టుబడిన వ్యక్తిని తాడుతో బంధించడం యుద్ధవిద్యలలో ఒకటిగా ఉండేది. అందులో అనేక సంప్రదాయాలు ఉండేవి. ఖైదీ హోదాను బట్టి, అతని మీద మోపిన నేరాన్ని బట్టి కట్టు మారేది. ఖైదీ తప్పించుకోరాదు, అతనికి గాయం కారాదు, కట్టు రహస్యం ఇతరులకు తెలియరాదు, కట్టు చూడడానికి చక్కగా ఉండాలి. ఈ విద్యకు ఇవి నాలుగు నియమాలని సంప్రదాయం చెబుతుంది.

అదే కాలంలో తాడుకు మరొక ఉపయోగం కూడా ఉండేది. నేరం ఒప్పించడానికి షోగునుల అధికారులు ప్రయోగించిన చిత్రహింసలలో ‘ఎబిజెమె’, ‘త్సురిజెమె’ అనేవి రెండు. మొదటిది మనిషిని రొయ్యవలె ముందుకు వంచి కట్టివేయడం. రెండవది చేతులను వెనుకకు కట్టి పైనుండి వేలాడదీయడం. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. తాడు ఒకటే, దేహమూ ఒకటే. ఒక విద్యలో గాయం కాకూడదన్నది నియమం. మరొక విద్యలో గాయపరచడమే లక్ష్యం. నేటి దృశ్యాలలో మనం చూసే వేలాడే భంగిమలకు పూర్వరూపం ఈ రెండవదానిలో ఉన్నది. చేతులు వెనుకకు కట్టి వేలాడదీస్తే మనిషి ఎంతోసేపు తట్టుకోలేడని ఆనాటి అధికారులకు బాగా తెలుసు కనుకనే వారు ఆ భంగిమను ఎంచుకున్నారు.

ఈ బంధనాన్ని ఆధునిక కళగా మలచినవారిలో ప్రథముడిగా ఇతో సెయు అనే చిత్రకారుని పేరు చెబుతారు. ఆయన 1882లో జన్మించి 1961లో మరణించాడు. ఆయన కంటే ముందు తరానికి చెందిన త్సుకియోక యోషితోషి 1885లో ఒక ప్రసిద్ధమైన చెక్కముద్ర చిత్రాన్ని వెలువరించాడు. నిండు గర్భిణి తలకిందులుగా వేలాడుతుండగా, కింద ఒక ముసలిది కత్తి నూరుకుంటున్న చిత్రమది. ఇతో సెయు దాని ప్రేరణతో, గర్భవతి అయిన తన భార్యనే తాళ్లతో వేలాడదీయించి ఛాయాచిత్రం తీయించాడు. కళాచరిత్రలో దీనికి ఏ స్థానం ఇస్తారో నాకు సంబంధం లేదు. వైద్యునిగా మాత్రం, కళ పేరుతో ఒక తల్లినీ గర్భస్థ శిశువునూ అపాయపు అంచున నిలబెట్టిన సంఘటనగానే దానిని చూస్తాను.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో మొదలై 1975 వరకు నడిచిన ‘కితన్ క్లబ్’ అనే పత్రిక ఈ కళకు పాఠకులను సమకూర్చింది. దన్ ఒనిరొకు రాసిన ‘హన తొ హెబి’, అనగా ‘పువ్వు, పాము’ అనే నవల 1974లో చలనచిత్రంగా వచ్చింది. తరువాతి కాలంలో అంతర్జాలం ఈ కళను ఐరోపాకు, అమెరికాకు, మన దేశానికి కూడా చేర్చింది. నేడు దీనిని అభ్యసించేవారు, కట్టేవారికీ కట్టించుకునేవారికీ మధ్య ఇది ఒక మౌన సంభాషణ వంటిదని, కట్టు బిగిసినప్పుడు మనసు నెమ్మదిస్తుందని చెబుతారు. వారి అనుభవాన్ని కాదనే హక్కు నాకు లేదు. నేను చెప్పదలచినది ఆ సంభాషణలో వినిపించని మూడవ గొంతు గురించి. అది దేహానిది.

మనం నరం అనేది నరం కాదు

మన వాడుకలో ఒక చిక్కు ఉన్నది. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేదానిని మనం నరం అంటాము. సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకలేదు’ అని వైద్యశాలలో కూడా అంటారు. నిజానికి అది నరం కాదు, రక్తనాళం. అసలైన నరం తెల్లని తీగ వంటిది. మెదడు, వెన్నుపాముల నుండి కండరానికి ఆజ్ఞను, చర్మం నుండి మెదడుకు స్పర్శను చేరవేసేది అది. ఈ తేడా తెలియకపోవడం తాళ్ల విషయంలో నేరుగా హాని చేస్తుంది.

తాడు రక్తనాళాన్ని నొక్కితే చెయ్యి ఎర్రబడుతుంది, తరువాత నీలంగా మారుతుంది, చల్లబడుతుంది, ఉబ్బుతుంది, మొత్తం బరువెక్కినట్లు అనిపిస్తుంది. కట్టు సకాలంలో విప్పితే చాలావరకు కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. తాడు నరాన్ని నొక్కితే అలా కాదు. చేతి రంగు మారకపోవచ్చు. వెచ్చగానే ఉండవచ్చు. ఒకటి రెండు వేళ్లలోనో, చేతి వెనుక భాగంలోనో తిమ్మిరి ఎక్కుతుంది. కొందరికి విద్యుత్తు తగిలినట్లు జివ్వుమంటుంది. మరికొందరికి ఏ నొప్పీ లేకుండానే కండరం పట్టు తప్పుతుంది.

‘రంగు బాగానే ఉన్నది, తాడు కింద రెండు వేళ్లు దూరుతున్నాయి, కనుక భయం లేదు’ అనే మాట ఈ వ్యాపకంలో తరచుగా వినిపిస్తుంది. అది రక్తప్రసరణకు సంబంధించిన పరీక్ష మాత్రమే. నరం క్షేమాన్ని అది చెప్పలేదు.

ఏ చోట ఏ నరం?

జపాను బంధనంలో అన్నింటికంటే ప్రసిద్ధమైన కట్టులో చేతులు రెంటినీ వీపు వెనుక మడిచి, తాడును రొమ్ము చుట్టూ, జబ్బల మీదుగా తిప్పుతారు. ‘తకతె కొతె’ అని దాని పేరు. తాడు వెళ్లే ఆ జబ్బ వెనుక భాగంలోనే రేడియల్ నరం ఎముకను ఒరుసుకుంటూ, మెలి తిరిగి కిందికి దిగుతుంది. మణికట్టును, వేళ్లను పైకి ఎత్తే శక్తి ఈ నరానిది. ఎముకకూ తాడుకూ మధ్య అది నలిగితే మణికట్టు వాలిపోతుంది. చెయ్యి కొమ్మకు వేలాడే వాడిన ఆకువలె కిందికి వేలాడుతుంది. గ్లాసు పట్టుకోవడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం, కలం పట్టడం కష్టమవుతాయి.

ఇదే గాయం తాడు లేకుండా కూడా వస్తుంది. మద్యం మత్తులో కుర్చీ చేతి మీద జబ్బ వేలాడేసి రాత్రంతా నిద్రపోయినవారు తెల్లవారి ఇదే స్థితిలో లేస్తారు. వైద్యులు దీనికి ‘శనివారం రాత్రి పక్షవాతం’ అని పేరు పెట్టారు.

మోచేతి లోపలి వైపు, దేనికైనా తగిలితే జివ్వుమనే చోట, అల్నార్ నరం చర్మానికి అతి దగ్గరగా ఉంటుంది. మణికట్టు ముందు భాగంలో మీడియన్ నరం ఉంటుంది. మోకాలికి వెలుపలి పక్కన, కాస్త కిందుగా చేతికి తగిలే బుడిపె వంటి ఎముక చుట్టూ పెరోనియల్ నరం తిరుగుతుంది. అది నలిగితే పాదం వాలిపోయి, నడకలో కాలివేళ్లు నేలకు రాసుకుంటాయి. చేతులను తలపైకి లాగి చాలాసేపు ఉంచితే మెడ నుండి భుజంలోకి వచ్చే నరాల గుచ్ఛం సాగి దెబ్బతింటుంది.

నరానికి తగిలే గాయాలను బ్రిటిష్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో మూడు తరగతులుగా విభజించాడు. ఆ విభజననే నేటికీ మేము అనుసరిస్తున్నాము. మొదటి తరగతిలో నరం తెగదు, దాని ప్రసారం మాత్రం కొంతకాలం నిలిచిపోతుంది. కొన్ని రోజుల నుండి సుమారు మూడు నెలల లోపు కోలుకుంటుంది. రెండవ తరగతిలో నరం లోపలి పోగులు చెడిపోతాయి. అవి తిరిగి పెరిగే వేగం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు. జబ్బ మధ్య నుండి మణికట్టును ఎత్తే కండరాల వరకు 15 నుండి 20 సెంటీమీటర్ల దూరం ఉన్నదనుకుంటే, శక్తి తిరిగి రావడానికి ఐదు నుండి ఏడు నెలలు పడుతుందని మీరే లెక్క వేసుకోవచ్చు. మూడవ తరగతిలో నరం పూర్తిగా తెగిపోతుంది. తాళ్ల వల్ల కలిగే గాయాలు ప్రధానంగా మొదటి రెండు తరగతులకు చెందుతాయి. అయినా చేతిపని మీద బతికే మనిషికి ఏడు నెలలు చిన్నవి కావు.

ఇన్ని నిమిషాల వరకు అపాయం లేదని చెప్పగల గడియారం వైద్యశాస్త్రంలో లేదు. తాడు ఎంత సన్నగా ఉన్నది, ఎంత బరువు దాని మీద పడుతున్నది, ఆ మనిషి నరం ఏ దారిన పోతున్నది అనేవాటిని బట్టి అది మారుతుంది. నిన్న ఏమీ కాని భంగిమ నేడు గాయం చేయవచ్చు.

మన తాళ్లు చెప్పిన పాఠాలు

జపాను సంగతి మనకెందుకని అనుకోకండి. బిగుతుగా కట్టిన తాడు దేహాన్ని ఏమి చేస్తుందో తెలుగు పల్లెలలో పనిచేసిన ప్రతి ప్రభుత్వ వైద్యునికీ తెలుసు. పాము కరిచినప్పుడు విషం పైకి ఎక్కకూడదని కాలికి తాడు బిగించి కట్టుకుని వచ్చేవారు. విషానికి మందు ఉన్నది. గంటల తరబడి రక్తం అందక నల్లబడిన కాలికి మందు లేదు. అందుకే పాము కాటుకు బిగుతు కట్టు కట్టవద్దని వైద్యులు నేటికీ చెబుతూనే ఉన్నారు. విరిగిన చేతికి వేసిన నాటు కట్టు మరీ బిగుసుకుంటే ముంజేతి కండరాలు చచ్చిపోయి, వేళ్లు గోళ్ల వలె ముడుచుకుపోతాయి. మంచి ఉద్దేశంతో, నమ్మకంతో, రోగి సమ్మతితోనే ఈ కట్లు వేస్తారు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఆ కాలూ చెయ్యీ దక్కలేదు.

వేలాడడం సంగతి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులను అడగండి. పట్టు జారి, మోకుకు చిక్కుకుని చెట్టు మీద వేలాడేవారి కథలు తెలంగాణ పల్లెలకు కొత్త కావు. కింద పడకపోయినా ఆ స్థితిలో ఎక్కువసేపు ఉండడమే ప్రాణాంతకం. నిటారుగా, కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది; మెదడుకు తగినంత చేరదు; స్పృహ తప్పుతుంది. రొమ్ము చుట్టూ తాడు ఉంటే ఊపిరి కూడా చాలదు. కండరాలు చాలాసేపు నలిగితే వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అటువంటప్పుడు మూత్రం చిక్కని టీ డికాక్షన్ రంగులో వస్తుంది.

జపాను పద్ధతిలో మనిషిని తాళ్లతో గాలిలోకి ఎత్తడం కఠినమైన విద్య. ఏళ్ల తరబడి గురువు వద్ద నేర్చుకున్నవారు కూడా అందులో గాయాలను పూర్తిగా నివారించలేకపోతున్నారు. దానిని ఫోనులో చూసి ఇంట్లో ప్రయత్నించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. మన ఇళ్ల పైకప్పులో ఉండే కొక్కెం ఫ్యాను బరువును మోయడానికి పెట్టినది. ఊగే, మెలి తిరిగే మనిషి బరువును మోయడానికి కాదు. చేతులు కట్టి ఉన్న మనిషి పడితే నేలకు చేతులు ఆనించలేడు. ముఖమో తలో నేలకు తగులుతుంది.

మెడ చుట్టూ తాడు ఏ రూపంలోనూ, ఏ బిగుతులోనూ ఉండరాదు. మెడకు ఇరువైపులా ఉన్న రక్తనాళాలు మూసుకుపోతే సుమారు పది సెకన్లలో స్పృహ పోతుంది. స్పృహ పోయిన మనిషి ‘ఆపు’ అనలేడు. రోమ్ నగరంలో 2011లో ఇద్దరు యువతులను ఒకే తాడుతో, ఒకరి బరువు మరొకరికి ఆధారమయ్యేలా బంధించగా, ఒకరు స్పృహ తప్పడంతో మరొకరి మెడ మీద తాడు బిగుసుకుని ప్రాణం పోయింది. వారు ఇష్టపడే వచ్చారు. తాడు ఆ ఇష్టాన్ని పట్టించుకోలేదు.

ఇది మానసిక రోగమా?

కొందరు పాఠకులకు ఈ ప్రశ్న తప్పక కలుగుతుంది. నేను చదువుకున్న కాలపు గ్రంథాలలో ఇటువంటి కోరికలన్నింటినీ వికృతి అనే ఒకే గంపలో వేసేవారు. శాస్త్రం అక్కడే ఆగలేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన అయిదవ నిర్ధారణ గ్రంథం, అసాధారణమైన కోరికకూ రోగానికీ మధ్య గీత గీసింది. ఆ కోరిక వల్ల ఆ మనిషి బాధపడుతున్నప్పుడో, అది జీవనానికి ఆటంకమైనప్పుడో, ఇష్టపడని వ్యక్తి మీద దానిని ప్రయోగించినప్పుడో మాత్రమే రోగంగా పరిగణించాలని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన పదకొండవ వ్యాధుల వర్గీకరణ కూడా పరస్పర సమ్మతితో జరిగే ఇటువంటి ప్రవర్తనను రోగాల జాబితా నుండి తొలగించింది.

కనుక మీ కుమారుడో కుమార్తెో ఇటువంటి దృశ్యాలు చూశారని తెలిసినంత మాత్రాన వారిని మానసిక వైద్యశాలకు లాక్కుని వెళ్లవలసిన పని లేదు. పద్దెనిమిదేళ్లు నిండనివారైతే ఇది వారి కోసం కాదని శాంతంగా, స్పష్టంగా చెప్పండి. పెద్దవారైతే అపాయాలు తెలియజేయండి.

సమ్మతి అంటే ఏది?

సమ్మతి చాలదని చెప్పాను. అది లేకుండా మాత్రం ఏదీ జరగరాదు. సమ్మతి అంటే మౌనం కాదు. భయపడి ఒప్పుకోవడం కాదు. పెళ్లయినది కనుక ఒప్పుకున్నట్లే అనుకోవడం అసలే కాదు. మద్యం సేవించిన మనిషి ఇచ్చిన సమ్మతికి విలువ లేదు. ఏ క్షణంలోనైనా ‘చాలు’ అని ఆపగల స్వేచ్ఛ ఉన్నప్పుడే అది సమ్మతి.

కళారంగంలో కూడా ఈ ప్రశ్న తప్పలేదు. తాళ్లతో బంధించిన స్త్రీల ఛాయాచిత్రాలతో అంతర్జాతీయ ఖ్యాతి పొందిన జపాను ఛాయాచిత్రకారుడు అరకి నోబుయోషి చిత్రాలలో ఏళ్ల తరబడి కనిపించిన ఒక మోడల్, తనతో రాతపూర్వకమైన ఒప్పందం కూడా లేకుండా, తన అభీష్టానికి విలువ ఇవ్వకుండా చిత్రాలను వాడుకున్నారని 2018లో బహిరంగంగా ఆరోపించారు. గోడ మీద అందంగా కనిపించే చిత్రంలో సమ్మతి ఉన్నదో లేదో చూపరికి తెలియదని ఆమె మాటలు గుర్తు చేశాయి.

మన ఇళ్లలో దీనికి మరొక రూపం ఉన్నది. ఫోనులో చూసినదానిని భార్య మీద ప్రయోగించి, ఆమె వద్దన్నా వినని భర్త చేసేది కళ కాదు, హింస. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను కూడా గృహహింసగానే పరిగణిస్తుంది. అటువంటి స్థితిలో ఉన్న సోదరీమణులు 181 సంఖ్యకు ఫోను చేయవచ్చు. ప్రాణాపాయం ఉంటే 112కు చేయాలి.

సమ్మతి ఉన్నా చట్టం అన్నింటినీ క్షమించదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 25వ విభాగం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి సమ్మతితో జరిగిన చర్యకు రక్షణ ఉన్నది. అయితే మరణం లేదా తీవ్ర గాయం కలిగించే ఉద్దేశంతో గాని, కలగవచ్చునని తెలిసి గాని చేసిన పనికి ఆ రక్షణ లేదు. పదిహేను రోజుల పాటు తన నిత్యకృత్యాలు చేసుకోలేని స్థితికి తెచ్చే గాయాన్ని కూడా ఆ చట్టం తీవ్ర గాయంగానే లెక్కిస్తుంది. వాలిపోయిన మణికట్టు కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో పైన చూశారు. బ్రిటనులోనూ, ఇటువంటి సందర్భాలలో తీవ్రమైన హానికి సమ్మతి సమాధానం కాదని 1993లో అక్కడి ప్రభువుల సభ తీర్పు చెప్పింది.

చేసేవారికి నా మాట

వద్దని చెప్పినా కొందరు మానరని నాకు తెలుసు. వారి కోసం ఈ నాలుగు మాటలు.

మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, భుజం కీలు ఒకసారి తప్పినవారు దీని జోలికి పోకండి. మన తెలుగువారిలో మధుమేహం ఎంత ఎక్కువో మీకు వేరే చెప్పనక్కరలేదు. దాని వల్ల అప్పటికే బలహీనపడిన నరం కొద్దిపాటి ఒత్తిడికి కూడా లొంగిపోతుంది. పైగా స్పర్శ తగ్గినవారికి హెచ్చరిక కూడా ఆలస్యంగా తెలుస్తుంది.

కట్టిన మనిషిని ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలరాదు. ఎవరికి వారు ఒంటరిగా కట్టుకోరాదు. మొన లేని, బలమైన బ్యాండేజీ కత్తెర చేతికందేంత దూరంలో ఉండాలి. మణికట్టు పైకి ఎత్తగలుగుతున్నారా, బొటనవేలు చాచగలుగుతున్నారా, వేళ్లు విప్పార్చగలుగుతున్నారా, పాదం పైకి లేపగలుగుతున్నారా అని మాటిమాటికీ అడిగి చూడాలి. వీటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా, తిమ్మిరి అన్నా, జివ్వుమన్నా ఆ క్షణమే విప్పాలి. ముడి రాకపోతే తాడు కోసివేయాలి. తాడు అంగడిలో మళ్లీ దొరుకుతుంది.

దాచవద్దు

చివరిగా, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. ఇటువంటి గాయంతో వచ్చే మనిషి నిజం చెప్పడానికి సిగ్గుపడతాడు. ‘నిద్రలో చెయ్యి నలిగింది’ అంటాడు. వైద్యుడు మెడ ఎముకలకు స్కానింగ్, మెదడుకు స్కానింగ్ రాస్తాడు. డబ్బు పోతుంది, కాలం పోతుంది. మణికట్టుకు దన్నుగా పెట్టవలసిన పట్టీ, వేళ్ల కీళ్లు బిగుసుకోకుండా చేయించవలసిన వ్యాయామం ఆలస్యమవుతాయి. కారణం తెలియనందువల్ల అది మళ్లీ చేయవద్దని చెప్పేవారు కూడా ఉండరు.

మెడ సంగతిలో దాచడం మరీ ప్రమాదం. మెడ నలిగినప్పుడు రక్తనాళపు లోపలి పొర చిరిగి, కొన్ని గంటలకో, కొన్ని రోజులకో పక్షవాతం రావచ్చు. పైకి ఒక్క గీత కూడా కనిపించకపోవచ్చు. ‘మెడకు తాడు బిగిసింది’ అన్న ఒక్క మాట వైద్యుని ఆలోచనను సరైన దారిలో పెడుతుంది. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, చూపు మసకబారినా, ఒక పక్క బలహీనపడినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే వైద్యశాలకు వెళ్లండి. చెయ్యి పైకి లేవకపోతే, మూత్రం నల్లబడితే అదే రోజున చూపించుకోండి. వెళ్లినప్పుడు జరిగినది జరిగినట్లు చెప్పండి. రోగి చెప్పిన రహస్యాన్ని కాపాడడం వైద్యుని ధర్మం.

యువ వైద్యులకు కూడా ఒక మనవి. అటువంటి రోగి మీ ఎదుట కూర్చున్నప్పుడు కనుబొమలు ఎగరవేయకండి. పక్కనున్న సిబ్బంది వైపు చూసి నవ్వకండి. మీ ముఖంలో కనిపించే ఆ చిన్న నవ్వే తరువాతి రోగిని అబద్ధానికి సిద్ధం చేస్తుంది. వెంట వచ్చినవారిని బయట కూర్చోబెట్టి, ఏకాంతంలో రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఎలా జరిగింది? ఇది మీ ఇష్టంతోనే జరిగిందా? మొదటి ప్రశ్న నరాన్ని కాపాడుతుంది. రెండవ ప్రశ్న కొన్నిసార్లు మనిషిని కాపాడుతుంది.

ఈ కళను మెచ్చుకోమని నేను ఎవరినీ కోరడం లేదు, అసహ్యించుకోమని కూడా కోరడం లేదు. దేహం గురించి తెలుసుకోమని, గాయపడినప్పుడు నోరు విప్పమని మాత్రమే కోరుతున్నాను.